ఒకే కంప్యూటర్, ఎవరి ఖాతా వారికి: అధికారంలో సంయమనం

ఇంటిల్లిపాదీ ఒకే కంప్యూటర్‌ను వాడుకునేటప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో యూజర్ ఖాతా తెరవడాన్ని చాలామంది సాంకేతిక సౌకర్యంగానే చూస్తారు గాని, చేతిలో ఉన్న అధికారాన్ని అవసరం లేనప్పుడు వాడకుండా ఉండడమనే అరుదైన గుణాన్ని అలవరచుకోవడానికి అంతకన్న అందుబాటులో ఉన్న సాధనం నేటి ఇళ్లలో మరొకటి లేదు. ఖాతా అంటే ఒక వ్యక్తి పేరు, పాస్‌వర్డ్, సొంత ఫైళ్లు, అమరికలు, వీటితోపాటు ఆ వ్యక్తి యంత్రంలో ఏయే మార్పులు చేయవచ్చో నిర్ణయించే అనుమతులు అన్నీ కలిసిన ఏర్పాటు.

ఈ ఆలోచన ఇళ్లలో పుట్టింది కాదు. 1961లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఫెర్నాండో కోర్బాటో బృందం ఒకే యంత్రాన్ని పలువురు ఏకకాలంలో వాడుకునే టైమ్ షేరింగ్ పద్ధతిని ప్రదర్శించింది. ఎవరి ఫైళ్లు వారికే దక్కాలన్న అవసరం వల్ల ఆ వ్యవస్థలోకి పాస్‌వర్డ్ వచ్చింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ఎందరో గృహస్థులకు వేర్వేరు ఖాతాలను పరిచయం చేసినా, దాన్ని మొదట అమర్చేటప్పుడు తెరిచిన ఖాతాలన్నింటికీ అడ్మినిస్ట్రేటర్ హోదా, అంటే యంత్రమంతటినీ మార్చగల సర్వాధికారం, దానంతటదే లభించేది. అందువల్ల పిల్లవాడు తెలియక తెరిచిన వైరస్‌కు సైతం అదే అధికారం సంక్రమించేది.

ఏ వినియోగదారుకైనా, ఏ ప్రోగ్రాముకైనా చేయవలసిన పనికి చాలినంత అధికారమే ఉండాలన్నది జెరోమ్ సాల్ట్‌జర్, మైఖేల్ ష్రోడర్ 1975 నాటి తమ వ్యాసంలో వివరించిన కనిష్ఠాధికార సూత్రం. ఇంటి యజమాని కూడా ఉత్తరాలు చదవడానికీ లెక్కలు రాయడానికీ పరిమిత అధికారాలు గల స్టాండర్డ్ ఖాతానే వాడుకొని, కొత్త ప్రోగ్రాము ఎక్కించవలసిన రోజున మాత్రమే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ టైపు చేయడం ఈ సూత్రానికి ఆచరణరూపం. తన తొందరపాటు మీద తానే ఒక కట్టడి పెట్టుకోవడం ఇందులోని అసలైన సాధన. పిల్లలకు హద్దులు పెట్టడం దీనికంటే ఎంతో సులభం.

ఇంతకన్న కఠినమైన పరీక్ష మరొకటి ఉంది. ఎన్‌క్రిప్షన్, అనగా ఫైలును సంకేతలిపిలోకి మార్చి భద్రపరిచే పద్ధతి, వాడని పక్షంలో అడ్మినిస్ట్రేటర్ హోదా గలవారు ఇతరుల ఫోల్డర్లను తెరవగలరు. ఎదిగిన కూతురి డైరీని చదవగలిగీ చదవకుండా ఉండే తండ్రికి ఆ నిగ్రహాన్ని ఇచ్చేది యంత్రం కాదు, కూతురి ఏకాంతం పట్ల అతని గౌరవమే. చిన్నపిల్లల విషయంలో పర్యవేక్షణ తప్పదు, అయితే ఏది చూస్తున్నారో వారికి ముందే చెప్పి చూడడం న్యాయం. రహస్యంగా కనిపెట్టే ఇంట్లో పిల్లలు దాచడమే నేర్చుకుంటారు.

అందరికీ కావలసిన ఫొటోలకూ బిల్లులకూ విండోస్‌లో పబ్లిక్ అనే ఉమ్మడి ఫోల్డర్ ఉండనే ఉంది. ఇక అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఒక్కరి జ్ఞాపకంలోనే ఉంటే, ఆ వ్యక్తి ఆసుపత్రి పాలైన నాడు కుటుంబం చిక్కుల్లో పడుతుంది గనుక, దాన్ని కాగితం మీద రాసి కవరులో పెట్టి, ఇంట్లోని మరొక పెద్దకు అప్పగించడం అవసరం.