పీక్ చెప్పేది, చెప్పనిది

చిరంజీవి సాహితికి,

జీడిమెట్లలో మందుల కంపెనీ క్యూసీలో (నాణ్యత పరీక్ష విభాగంలో) చేరావని, అప్పుడే మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషిన్ మీద కూర్చోబెట్టారని మీ అమ్మ చెప్పింది. సంతోషం. మెషిన్ నడపడం మీ సీనియర్లు నేర్పుతారు. దాని మాట ఎంతవరకు నమ్మాలో నేను చెబుతాను.

శాంపిల్ జోలికి పోయేముందు మెషిన్‌కే పరీక్ష పెట్టాలి. మొదట బ్లాంక్ ఎక్కించు; గ్రాఫ్‌లో మందు పీక్ (శిఖరం) రావలసిన చోట ఏమీ రాకూడదు. తర్వాత స్టాండర్డ్‌ని వరసగా అయిదుసార్లు ఇంజెక్ట్ చెయ్యి. పీక్ ఏరియాల మధ్య తేడాను చెప్పే ఆర్‌ఎస్‌డీ మామూలుగా 2 శాతం దాటకూడదు. పీక్ తోక సాగినా, పక్కదానితో అతుక్కున్నా అక్కడే ఆగు. మొబైల్ ఫేజ్ పీహెచ్ తప్పిందా, బుడగలు చేరాయా, కాలమ్ పాడైందా చూసుకో.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా, మందు శాతం 98 నుంచి 102 మధ్య ఉండాల్సిన చోట ఒకరోజు 97.1 వస్తుంది. సాయంత్రానికి బ్యాచ్ లారీ ఎక్కాలి. "ఇంకోసారి వేసి చూడమ్మా" అంటారెవరో. దర్యాప్తు లేకుండా వెయ్యకు. వయల్, ఫ్లాస్కుల్లోని ద్రావణాలు పారబోయకుండా పైవాళ్లకు చెప్పు. తూకం, పలచన, లెక్క, ఇంటిగ్రేషన్ అన్నీ తిరగెయ్యండి. ల్యాబ్‌లో తప్పు రుజువైతే కారణం రాసి ఆ ఫలితాన్ని కొట్టెయ్యవచ్చు. రుజువు కాకపోతే 97.1ని చెరిపే హక్కు ఎవరికీ లేదు. విచారణ ప్లాంటు దాకా వెళ్లాల్సిందే. పాసయ్యేదాకా పరీక్షిస్తూ పోవడం పందెం పడేదాకా గవ్వలు వేయడమే. అది చెల్లదని 1993లోనే అమెరికాలో బార్ ల్యాబొరేటరీస్ కేసులో న్యూజెర్సీ ఫెడరల్ కోర్టు తేల్చింది.

పాసైన ఫలితాన్నీ పూర్తిగా నమ్మెయ్యకు. 2018లో వాల్సార్టన్ బీపీ మాత్రల్లో క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న ఎన్‌డీఎంఏ అనే మలినం బయటపడింది. చాలా దేశాలు ఆ మాత్రల్ని వెనక్కి తీసుకున్నాయి. అంతకుముందు అవి పరీక్షలు పాసైనవే! కొత్త తయారీ పద్ధతిలో డీఎంఎఫ్ సాల్వెంట్ నుంచి పుట్టిన డైమిథైల్ అమీన్, సోడియం నైట్రైట్‌తో చర్య జరిపి ఎన్‌డీఎంఏ అయింది. మామూలు మెథడ్ దానికోసం వెతకలేదు కనుక దానికి దొరకలేదు. మాస్ స్పెక్ట్రోమెట్రీ పెట్టి వెతికితే పీపీఎంలలో తేలింది. 'పాస్' అన్న మాట మనం వెతికిన వాటికే వర్తిస్తుంది.

అందుకే ప్లాంటులో సాల్వెంట్ మారిందని వింటే, "మన మెథడ్ దీన్ని పట్టగలదా?" అని అడుగు. జూనియర్‌వని మొహమాటపడకు. ఆ ప్రశ్న అడగాలంటే మందు ఎలా తయారవుతుందో నీకు తెలిసుండాలి. మీ మందు ఏ దశలో ఏ సాల్వెంట్ వాడి చేస్తారో ముందు చదువు. పండక్కి వచ్చినప్పుడు అక్కణ్ణుంచి మాట్లాడుకుందాం.

మీ బాబాయి