సునాబెడలో నేర్చుకున్న రష్యా

పుట్టింది రాయగడలో, తెలుగింట్లో. ఉద్యోగమంతా కొరాపుట్ జిల్లా సునాబెడలో, మిగ్ విమానాల ఇంజిన్లు తయారయ్యే హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) కర్మాగారంలో. రష్యా పేరెత్తితే టీవీ చర్చల్లో కొందరు ప్రాణమిచ్చే నేస్తం అంటారు, కొందరు నమ్మరాని దేశం అంటారు. రష్యన్ల పక్కన నిలబడి పనిచేసినవాణ్ణి కాబట్టి నాకు రెండూ మింగుడుపడవు. ఆ దేశం ప్రపంచాన్ని ఏ కంటితో చూస్తుందో నాకు తెలిసినంత మేరకు రాస్తున్నాను. ముఖ్యంగా పోటీ పరీక్షలకు చదివే మా పిల్లల కోసం.

1. ఎందుకిచ్చారో ముందు అడగాలి

1961లో అమెరికా పాకిస్తాన్‌కు ఎఫ్-104 విమానాలిచ్చింది, మనకు కాదంది. 1962 ఆగస్టులో సోవియట్ యూనియన్ మిగ్-21 అమ్మడమే కాదు, ఇక్కడే చేసుకోవడానికీ ఒప్పుకుంది. విమానం చట్రం నాసిక్‌కు, ఎలక్ట్రానిక్స్ హైదరాబాద్‌కు, ఇంజిన్ కొరాపుట్‌కు వెళ్ళాయి. మన అడవుల్లోకి ఆ ఫ్యాక్టరీ రావడానికి అప్పటి ఒడిశా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ పట్టుదల పెద్ద కారణం.

ఇందులో మన మీద ప్రేమ ఎంత? 1960లో చైనాతో చెడి, అక్కడున్న తమ నిపుణులందరినీ మాస్కో వెనక్కి పిలిపించుకుంది. ఆసియాలో ఇంకో పెద్ద దేశం అండ దానికి కావాలి. ఈ లెక్క తెలిసినంత మాత్రాన నాకు వాళ్ళ మీద గౌరవం తగ్గలేదు. అవసరం కొద్దీ వచ్చినా, వచ్చినవాళ్ళు పని మనస్ఫూర్తిగా నేర్పారు.

2. వాళ్ళ ఇంటికి నిప్పంటుకుంటే మన సంగతి తర్వాతే

ఆ ఒప్పందం జరిగి మూడు నెలలైనా కాకుండానే చైనా మన మీదికి వచ్చింది. సరిగ్గా ఆ రోజుల్లోనే క్యూబాలో క్షిపణుల గొడవ. అమెరికాతో అణుయుద్ధం అంచున ఉన్న మాస్కోకు చైనా తోడు అవసరమైంది. అక్టోబరు 25న సోవియట్ పార్టీ పత్రిక ప్రావ్దా సరిహద్దు గొడవలో చైనా ప్రతిపాదనలనే వెనకేసుకొచ్చింది. క్యూబా గండం గడిచాక స్వరం మారింది. దీన్ని ద్రోహమని మనవాళ్ళు చాలామంది బాధపడ్డారు. వాళ్ళ దృష్టిలో అది ద్రోహం కాదు, ప్రాధాన్యాల వరస.

3. మే 9 తెలియకపోతే రష్యా తెలియదు

అన్నిటికన్నా నాకు లోతుగా నాటుకున్నది ఇదే. మే 9 వాళ్ళకు హిట్లర్ మీద గెలిచిన రోజు. సునాబెడలో ఉన్న సోవియట్ నిపుణులు ఆ సాయంత్రం మమ్మల్ని కొందరిని భోజనానికి పిలిచేవారు. మొదటి గ్లాసు, రెండో గ్లాసు నవ్వులతో, గ్లాసు గ్లాసు తాకించుకుంటూ సాగేవి. మూడోదానికి అందరూ లేచి నిలబడతారు. గ్లాసులు తాకించరు, మాట్లాడరు. అది చనిపోయినవాళ్ళ కోసం. ఇంజిన్ టెస్ట్ బెడ్ దగ్గర పొద్దస్తమానం మా మీద కేకలేసే ఒక పెద్దాయన ఆ మూడో గ్లాసు పట్టుకుని వణకడం చూశాను. ఆయన అన్నలిద్దరూ లెనిన్‌గ్రాడ్ ముట్టడిలో పోయారని ఆ తర్వాత ఇంటర్‌ప్రిటర్ చెప్పాడు. ఆ ముట్టడి 872 రోజులు సాగింది. ఆ యుద్ధంలో సోవియట్ దేశం పోగొట్టుకున్నది సుమారు 2 కోట్ల 70 లక్షల ప్రాణాలు.

1812లో నెపోలియన్, 1941లో హిట్లర్, ఇద్దరూ పడమటి మైదానాల మీదుగానే వచ్చారు. అందుకే సరిహద్దు అవతల తమ మాట వినే దేశాలు ఉండాలన్న పట్టు వాళ్ళకు జార్ల కాలం నుంచీ ఉంది, కమ్యూనిస్టులు వచ్చినా పోలేదు. 1999లో పోలండ్, హంగరీ, చెక్ నాటోలో చేరినప్పుడు, 2004లో బాల్టిక్ దేశాలు చేరినప్పుడు వాళ్ళు ఉలిక్కిపడింది ఈ జ్ఞాపకంతోనే.

అయితే అర్థం చేసుకోవడం వేరు, సరేననడం వేరు. అదే యుద్ధంలో ఉక్రెయిన్‌వాళ్ళూ లక్షలకు లక్షలు చచ్చిపోయారు. మన వాయుసేన ఏఎన్-32లు కీవ్‌లో పుట్టిన విమానాలే. ఒకరి భయం తీరడానికి పక్కవాడి ఊళ్ళు తగలబెట్టడాన్ని నేను ఒప్పుకోలేను. 2022 మార్చి 2న ఉక్రెయిన్ మీద రష్యా దాడిని తప్పుపట్టే తీర్మానంపై ఐక్యరాజ్యసమితిలో మన దేశం ఓటు వేయకుండా ఉండిపోయింది. కారణాలు నాకు తెలుసు. వాటిలో మేం చేసిన ఇంజిన్లూ ఒకటి. తెలిసినా ఆ రోజు మనసు కుదుటపడలేదు.

4. మాట కాదు, కాగితం

ప్రతి ఇంజిన్‌తో ఒక పుస్తకం వచ్చేది. పాస్‌పోర్ట్ అనేవాళ్ళం. ఎన్ని గంటలు తిరిగింది, ఏ భాగం ఎప్పుడు మార్చారు, ఎవరు చూశారు, అన్నీ అందులో ఉండాలి. చిన్న లోపం కనిపించినా ప్రోటోకాల్ రాసి రెండు పక్షాలూ సంతకాలు పెట్టేదాకా వాళ్ళు కుర్చీలోంచి లేవరు. ముందురోజు రాత్రి మన భుజం మీద చెయ్యేసి పాడినవాడే, పొద్దున్న ఒక్క వాక్యం కోసం మధ్యాహ్నం దాకా పట్టుబడతాడు.

వాళ్ళ దౌత్యమూ అంతే. 1971 ఆగస్టు 9న విదేశాంగ మంత్రులు స్వరణ్ సింగ్, గ్రోమికో ఢిల్లీలో సంతకాలు చేసిన మైత్రి ఒప్పందం తొమ్మిదో అధికరణం చదవండి. మన తరఫున యుద్ధం చేస్తామని అందులో లేదు. ముప్పు వస్తే వెంటనే సంప్రదించుకుందామని ఉంది. అయినా ఆ డిసెంబరులో భద్రతా మండలిలో మూడుసార్లు వీటో వేసి మనకు కావలసిన వ్యవధి ఇచ్చారు. నాటో తూర్పుకు రాదని 1990లో గోర్బచేవ్‌కు పశ్చిమ దేశాలు మాటిచ్చి తప్పాయన్నది వాళ్ళ వాదన. తమ నాయకుడు దాన్ని రాతపూర్వకంగా తీసుకోలేదన్న కోపమే వాళ్ళను ఎక్కువ కాల్చిందని నాకనిపిస్తుంది.

5. 1991

సోవియట్ దేశమే విడిపోయింది. ఒక భాగం చేసే ఫ్యాక్టరీ ఒక దేశంలో, ఇంకోటి మరో దేశంలో. వాయుసేన విడిభాగాల కోసం ఎంత వెతుక్కుందో ఆ తరంవాళ్ళందరికీ తెలుసు. 1993లో అమెరికా ఒత్తిడికి లొంగి రష్యావాళ్ళు క్రయోజెనిక్ రాకెట్ ఇంజిన్ల పరిజ్ఞానం ఇవ్వలేమన్నారు, తయారైన ఇంజిన్లు మాత్రం ఇచ్చారు. ఆ విద్య ఇస్రో సొంతంగా సాధించేసరికి 2014 వచ్చింది. ఆర్-11తో మొదలైన మా ఫ్యాక్టరీ ఆర్-25, ఆర్-29, ఆర్‌డీ-33 దాటి సుఖోయ్-30 నడిపే ఏఎల్-31ఎఫ్‌పీ దాకా వచ్చింది. 2024లో వచ్చిన ఆర్డరు ఇంజిన్లలో స్వదేశీ వాటా సగటున 54 శాతం దాటుతుందని, చివరికి 63 శాతానికి తెస్తామని అంటున్నారు. ఆ మిగిలిన శాతమే మన విదేశాంగ విధానంలో మనం దిగమింగుకునే మాట.

6. చైనా విషయంలో 1971ని ఆశించవద్దు

1998 డిసెంబరులో రష్యా ప్రధాని ప్రిమకోవ్ ఢిల్లీ వచ్చి రష్యా, భారత్, చైనా ముగ్గురూ కలిస్తే అమెరికా పెత్తనానికి అడ్డు ఉంటుందన్నారు. ప్రపంచం ఒకరి చేతిలో ఉండకూడదన్న ఆలోచన అప్పటి నుంచీ మాస్కోకు గట్టి నమ్మకం. గల్వాన్ లోయలో చైనాతో ఘర్షణ తర్వాత, 2020 సెప్టెంబరులో మన విదేశాంగ మంత్రి, చైనా విదేశాంగ మంత్రి కలుసుకున్నది మాస్కోలోనే. రష్యా చోటిచ్చింది కానీ, తీర్పు చెప్పలేదు. ఇప్పుడు చమురు అమ్ముకోవడానికి చైనా లేనిదే దానికి గడవదు.

7. చికాపార్ పేరు గుర్తుపెట్టుకోండి

రష్యా సంగతి సరే, ఆ ఒప్పందాలకు మన దగ్గర మూల్యం చెల్లించిన ఊరది. గదబ, పరజ, డోమ్ కుటుంబాలు ఉండేవి. మిగ్ ప్రాజెక్టు కోసం 1968లో వానాకాలం రాత్రివేళ ఖాళీ చేయించారు. తమకున్న వేరే భూమిలో ఇళ్ళు కట్టుకుని దానికీ చికాపార్ అనే పేరు పెట్టుకున్నారు. 1987లో ఎగువ కొలాబ్ ప్రాజెక్టు, నౌకాదళ ఆయుధాగారం పేరుతో అక్కడి నుంచీ పొమ్మన్నారు. పాత్రికేయుడు పాలగుమ్మి సాయినాథ్ రాయబట్టి బయటి లోకానికి తెలిసింది. మాస్కోలో, ఢిల్లీలో సంతకాలు పెట్టినవాళ్ళలో ఏ ఒక్కరూ ఆ ఊరి పేరు విని ఉండరు.

2024 సెప్టెంబరులో 240 సుఖోయ్ ఇంజిన్లకు రక్షణశాఖ సునాబెడకు ఆర్డరిచ్చింది. 26,000 కోట్ల రూపాయలకు పైమాటే, ఎనిమిదేళ్ళ పని. నా తరం సంపాదించిన పేరుకు దక్కిన ఆర్డర్ ఇది, గర్వంగా ఉంది. అందులో చికాపార్ మనవళ్ళకు, మనవరాళ్ళకు ఎన్ని ఉద్యోగాలు రాసిపెట్టారు? ఇన్నేళ్ళు ఆ నేల మీద జీతం తీసుకున్నవాడిగా అడుగుతున్నాను. జవాబు కాగితం మీద కావాలి.