మల్లట్‌లో కూర్చుని మిక్సింగ్ చేయాలంటే

రాయచూరు జిల్లాలో తుంగభద్ర ఎడమ కాలువ కింద ఉన్న క్యాంపుల్లో పెళ్లంటే మండపంలో తెలుగు, కన్నడం రెండూ వినిపిస్తాయి. కాలువ నీళ్లొచ్చాక కోస్తా జిల్లాల నుంచి తరలివచ్చి స్థిరపడ్డ కుటుంబాలు ఒకవైపు, స్థానిక కన్నడిగులు ఇంకోవైపు. ఈ జిల్లాలోనే ఉన్న మల్లట్‌లో ఉండి వీడియో ఎడిటింగ్‌ను (స్టూడియోల మాటలో మిక్సింగ్‌ను) బతుకుదెరువు చేసుకోవాలనుకునే వాళ్లకు మొదటి మార్కెట్ ఈ పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, జాతరలే. యూట్యూబ్ చానెళ్లు, హైదరాబాద్ కంపెనీలు ఆ తర్వాత.

ఎడిటింగ్ కోర్సులో చేరే కుర్రాళ్లు ముందుగా అడిగేది ఎఫెక్టుల గురించి. పని ఇచ్చే స్టూడియో యజమాని చూసేది మాత్రం మాట, పెదవి కలిశాయా, పేర్లు సరిగ్గా పడ్డాయా, చెప్పిన తేదీకి వీడియో చేతికొచ్చిందా అన్నదే.

మాట కలవకపోవడం దగ్గరే చాలామంది ఇరుక్కుంటారు. పెళ్లికి రెండు కెమెరాలు పెడతారు, పెళ్లికూతురు తమ్ముడు ఫోన్లోనూ తీస్తాడు. కెమెరా సెకనుకు కచ్చితంగా 25 ఫ్రేములు తీస్తుంది. ఫోన్ అలా కాదు. వెలుతురును బట్టి, ప్రాసెసర్ మీద భారాన్ని బట్టి వేగం మార్చుకుంటూ పోతుంది. టైమ్‌లైన్ మీద వేస్తే జీలకర్ర బెల్లం దాకా అంతా బాగానే ఉంటుంది. తలంబ్రాలకొచ్చేసరికి డోలు మీద పుల్ల పడ్డాక కాసేపటికి చప్పుడు వినిపిస్తుంది. ఆడియోను ముక్కలు చేసి జరుపుతూ కూర్చుంటే తెల్లారిపోతుంది. మందు ముందే వేయాలి. ఫోన్ క్లిప్పులన్నీ ఉచితంగా దొరికే హ్యాండ్‌బ్రేక్‌లో పెట్టి 'కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్'కు మార్చాకే ప్రాజెక్టులోకి తెచ్చుకోవాలి. షూటింగ్‌లోనే ఇంకో జాగ్రత్త: మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి షటర్ వేగం 1/50 పెట్టమని కెమెరా అబ్బాయికి ముందే చెప్పండి. మండపంలో ట్యూబ్‌లైట్ల మిణుకు పడిందంటే ఎడిటింగ్‌లో తీయడం మహా కష్టం.

తర్వాతి తలనొప్పి కంప్యూటర్. 100 ఎంబీపీఎస్‌తో తీసిన 4కె వీడియో గంటకు సుమారు 45 జీబీ. రెండు కెమెరాలు నాలుగు గంటలు తిరిగితే 360 జీబీ. మామూలు పీసీలో అది నత్తనడకే. గ్రాఫిక్స్ కార్డు కోసం అప్పు చేసే ముందు ప్రాక్సీలు వాడటం నేర్చుకోండి. తేలికపాటి నకళ్ల మీద కట్ చేసి, చివర్లో అసలు ఫైళ్లతో రెండర్ చేయడమే ప్రాక్సీ పద్ధతి. రష్, అంటే తీసిన అసలు వీడియో, రెండు డిస్కుల్లోకి ఎక్కాకే కెమెరా మెమొరీ కార్డు ఖాళీ చేయాలి. తాళి కట్టిన ఘట్టం మళ్లీ తీయమంటే ఎవరు కడతారు? కరెంటు సంగతి సరేసరి: జిల్లాలోనే శక్తినగర్ థర్మల్ కేంద్రం ఉన్నా, రెండర్ పెట్టేవాడికి యూపీఎస్ తప్పదు.

ఈ ప్రాంతపు ఎడిటర్‌కు బయటివాళ్లకు లేని పరీక్ష ఇంకొకటుంది. టైటిళ్లు రెండు లిపుల్లో పడాలి. సాఫ్ట్‌వేర్ సెట్టింగ్ సరిగా లేకపోతే ఒత్తులు పక్కకు జారిపోతాయి, 'లక్ష్మి' మూడు ముక్కలవుతుంది. ప్రీమియర్ ప్రొ కొన్ని వెర్షన్లలో ప్రిఫరెన్సుల్లోకి వెళ్లి గ్రాఫిక్స్ కింద 'సౌత్ ఏషియన్' టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకోవాలి. శుభలేఖ అచ్చువేసిన షాపు నుంచి పాత అను ఫాంట్ మ్యాటర్ తెచ్చి అతికిస్తే గజిబిజి అక్షరాలొస్తాయి, అది యూనికోడ్ కాదు. పేర్లు వాట్సాప్‌లో టైప్ చేసి పంపమని పార్టీనే అడగండి, తెలుగులో ఒకసారి, కన్నడంలో ఒకసారి. తప్పు పడితే బాధ్యతెవరిదో కూడా తేలిపోతుంది.

ఇక ఎఫెక్టులు. ప్రీమియర్‌లో వణుకు తగ్గించే వార్ప్ స్టెబిలైజర్, స్పీడు మార్పు రెండూ ఒకే క్లిప్ మీద పనిచేయవు. ముందు ఒకటి వేసి, నెస్ట్ చేసి (క్లిప్‌ను కొత్త సీక్వెన్స్‌లో చుట్టి), దాని మీద రెండోది వేయాలి. స్లో మోషన్ కావాలంటే 50 ఫ్రేముల్లో తీయించాలి. 25లో తీసినదాన్ని సాగదీస్తే చేతివేళ్లు కరిగినట్టు కనిపిస్తాయి. గ్రీన్ మ్యాట్ (వెనక కట్టే ఆకుపచ్చ తెర) ముందు ఆకుపచ్చ పట్టుచీర కట్టుకొచ్చిన పెళ్లికూతురి సంగతి చెప్పనక్కర్లేదు, నీలం మ్యాట్ వాడండి. చాలా కెమెరాలు రంగు వివరాన్ని వెలుగు వివరంలో నాలుగో వంతే దాచుకుంటాయి. అందుకే జుట్టు అంచులు పళ్లుపళ్లుగా వస్తాయి. ఆ లోపాన్ని దిద్దడం కంటే తెర మీద లైటు సమంగా పడేలా చూడటం తేలిక.

సాఫ్ట్‌వేర్ ఏది అంటే, పెళ్లి స్టూడియోల్లో ఎడియస్ ఇప్పటికీ బాగా నడుస్తుంది. ఇంట్లో నేర్చుకోవడానికి ఉచిత డావిన్సీ రిజాల్వ్ చాలు. డిగ్రీ ఉండి సినిమా వైపు వెళ్లాలనుకుంటే పుణె ఎఫ్‌టీఐఐ ఎడిటింగ్ కోర్సుకు ప్రవేశ పరీక్ష రాయవచ్చు. 'జెర్సీ'కి ఉత్తమ ఎడిటర్‌గా జాతీయ అవార్డు అందుకున్న నవీన్ నూలి పనిని గమనించండి. ఏ చూపు దగ్గర కట్ చేశాడు, ఏ చూపును వదిలేశాడు అన్నది చూడండి. ఏ ప్లగిన్‌లోనూ అది దొరకదు.

పని అడగడానికి వెళ్లేటప్పుడు సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకెళ్లకండి. దగ్గర్లోని స్టూడియోలో, పార్టీ అనుమతితో, ఒక పాత పెళ్లి రష్ అడగండి. పది నిమిషాలకు కుదించి, మాట, పెదవి కలిసేలా చూసి, పేర్లు రెండు లిపుల్లో వేసి తీసుకెళ్లండి.