చిట్టికోడి బాంటమ్‌ను పెంచుదామా?

కోడి అనగానే మీ కళ్ళముందు ఏది మెదులుతుంది? పెరట్లో తిరిగే నాటుకోడా? ఫారంలోని తెల్లని లెగ్‌హార్న్ కోడా? గోదావరి జిల్లాల వారికైతే రొమ్ము విరుచుకు నిలబడే అసీల్ పుంజు గుర్తు రావచ్చు. బాగా ఎదిగిన అసీల్ పుంజు నాలుగైదు కిలోలు తూగుతుంది. మలేషియాలో ‘సెరమా’ అనే కోడి ఉంది. అది సాధారణంగా అరకిలో కూడా తూగదు. తక్కెడలో ఒకవైపు అసీల్ పుంజును ఉంచితే, రెండోవైపు కనీసం ఎనిమిది సెరమాలను ఉంచాలన్నమాట! అయినా రెండింటికీ ప్రధాన పూర్వికుడు ఒకటే. అది ఎర్ర అడవికోడి.

ఇలాంటి చిన్న కోళ్ళను బాంటమ్ కోళ్ళు అంటారు. జావా దీవికి పడమటి కొసన బాంతెన్ అనే రేవు ఉంది. ఐరోపా నావికులు దాన్ని ‘బాంటమ్’ అని పిలిచేవారు. మిరియాల వ్యాపారానికి వచ్చినప్పుడు, ఓడలో గుడ్లకూ మాంసానికీ అక్కడి చిన్న కోళ్ళను కొనుక్కుపోయేవారు. చివరకు రేవు పేరే కోడికి స్థిరపడింది. బాక్సింగ్ పోటీలలో తక్కువ బరువు వారి తరగతిని ‘బాంటమ్ వెయిట్’ అనడం కూడా ఈ కోడి పేరుమీదనే.

చిన్న ఒళ్ళు - పెద్ద చలి

చిన్నకోడిని పెంచడం పెద్దకోడిని పెంచడం కంటే తేలిక అనుకుంటున్నారా? ముందు ఒక లెక్క చేయండి. 1 సెం.మీ. భుజం ఉన్న ఘనం ఉపరితలం 6 చదరపు సెం.మీ., ఘనపరిమాణం 1 ఘన సెం.మీ. 2 సెం.మీ. భుజం ఉన్న ఘనానికి ఇవి 24, 8. అంటే చిన్న ఘనంలో ఒక్కో ఘన సెంటీమీటరుకు 6 చదరపు సెంటీమీటర్ల ఉపరితలం ఉంటే, పెద్దదానిలో 3 మాత్రమే ఉంది.

వేడి పుట్టేది శరీరం లోపల, పోయేది ఉపరితలం గుండా. కాబట్టి ఒళ్ళు ఎంత చిన్నదైతే అంత త్వరగా చల్లబడుతుంది. కోడిపిల్ల బరువు గుడ్డు బరువులో దాదాపు మూడింట రెండు వంతులు. 30 గ్రాముల బాంటమ్ గుడ్డు నుంచి వచ్చే పిల్ల 20 గ్రాములే! పైగా దాని ఒంటిమీద నూగు తప్ప ఈకలుండవు. మొదటి వారం చలికి వదిలేస్తే బతకడం కష్టం.

తల్లికోడి ఉంటే రెక్కల కింద పెట్టుకుని కాపాడుతుంది. తల్లి లేకపోతే ఆ పని మనదే. మొదటి వారం పిల్లల దగ్గర వేడి 35 డిగ్రీల సెంటీగ్రేడు ఉండాలి. తరువాత వారానికి సుమారు 3 డిగ్రీల చొప్పున తగ్గించవచ్చు. అట్టపెట్టెలో ఒక మూలకు 40 వాట్ల ఫిలమెంటు బల్బు వేలాడదీయండి. అది అట్టకు, ఊకకు తగలకూడదు. ఎల్.ఇ.డి. బల్బు దీనికి పనికిరాదు. ఎందుకో ఆలోచించండి. వేడి సరిపోయిందో లేదో పిల్లలే చెబుతాయి. బల్బు కింద ఒకదానిమీద ఒకటి పడి కీచుమంటుంటే చలి వేస్తోందని, దూరంగా పోయి నోరు తెరచి రొప్పుతుంటే వేడి ఎక్కువైందని, పెట్టె అంతటా తిరుగుతుంటే సరిపోయిందని అర్థం.

పొదుగు

బాంటమ్ పెట్టలు చాలావరకు శ్రద్ధగా పొదుగుతాయి. ప్రోలాక్టిన్ అనే హార్మోను ప్రభావంతో పెట్ట గుడ్లు పెట్టడం మాని గూడు పట్టుకుని కూర్చుంటుంది. మూతవెడల్పు గంపలో ఊక, పైన మెత్తని గడ్డి వేసి నీడన పెట్టండి. గుడ్లు రెక్కల కింద పూర్తిగా ఇమిడేటన్నే ఉంచండి. పిల్లలు రావడానికి సుమారు 21 రోజులు పడుతుంది. తల్లి గుడ్లను తరచు దొర్లిస్తుంది. దొర్లించకపోతే లోపలి పిండం పెంకు పొరకు అంటుకుపోతుంది.

ఏడో రోజు రాత్రి చీకటిలో గుడ్డు వెనుక టార్చిలైటు పెట్టి చూడండి. సాలెపురుగు కాళ్ళలా ఎర్రని రక్తనాళాలు కనిపిస్తే పిండం పెరుగుతోంది. ఏమీ కనిపించకపోతే అది మురిగే గుడ్డు. నెత్తుటి వలయం ఒకటే కనిపిస్తే పిండం మొదలై చనిపోయిందన్నమాట.

పొట్టికాళ్ళ వెనుక కథ

జపాన్ బాంటమ్‌ను ‘చాబో’ అంటారు. దాని కాళ్ళు ఎంత పొట్టివంటే, పొట్ట నేలకు తగులుతున్నట్లే ఉంటుంది. చూడముచ్చటగా ఉంది కదా, పొట్టికాళ్ళ పుంజునూ పొట్టికాళ్ళ పెట్టనూ జతకడదాం అనిపిస్తుంది. ఆగండి!

పొట్టికాళ్ళ జన్యువు బహిర్గతమైనది. దాన్ని P అనీ, మామూలు కాళ్ళ జన్యువును p అనీ అందాం. బతికి ఉన్న పొట్టికాళ్ళ కోళ్ళన్నీ Pp. అలాంటి రెండింటిని జతకడితే నాలుగు రకాల కలయికలు రావాలి: PP, Pp, Pp, pp. వీటిలో PP పిండం బతకదు. చాలావరకు మూడు నాలుగు రోజులకే గుడ్డులో చనిపోతుంది. లాండౌవర్, డన్ అనే శాస్త్రవేత్తలు 1930లో ఇలాంటి పొట్టికాళ్ళ కోళ్ళ వంశపారంపర్యాన్ని వివరించారు. ఎముకల పెరుగుదలకు అవసరమైన ఒక జన్యువు లోపించడమే కారణమని 2016లో చైనా శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఒక ప్రతి లోపిస్తే కాళ్ళు పొట్టివవుతాయి. రెండూ లోపిస్తే ప్రాణమే నిలవదు.

అంటే పిండం కట్టిన 12 గుడ్లలో సగటున 3 చనిపోతాయి, 6 పొట్టికాళ్ళవి, 3 మామూలు కాళ్ళవి అవుతాయి. మెండెల్ చెప్పిన 3:1 నిష్పత్తి ఇక్కడ 2:1గా మారింది!

మరి మార్గం లేదా? ఉంది. పొట్టికాళ్ళ పుంజుకు (Pp) మామూలు కాళ్ళ పెట్టను (pp) జతచేయండి. పిల్లల్లో సగం పొట్టికాళ్ళవి, సగం మామూలువి వస్తాయి. PP అన్నది రానేరాదు. అందం కొంతైనా నిలుస్తుంది, ఈ జన్యువు వల్ల ఒక్క ప్రాణమూ పోదు. ఏ కోడిని దేనితో జతకట్టాలో కోడి అడగదు, నిర్ణయం పెంచేవారిది. అందుకే వారికి జన్యుశాస్త్రం తెలిసి ఉండాలి. ఒకే తల్లి పిల్లలను తరతరాలుగా జతకట్టడమూ మంచిది కాదు. దాగి ఉన్న లోపాలు బయటపడతాయి.

మేత, రోగాలు

మొదటి వారాల్లో పిల్లల దాణా మెత్తగా, మాంసకృత్తులు ఎక్కువగా ఉండాలి. నూకలు, తవుడు ఒక్కటే చాలవు. చెదలు దొరికితే వాటికి పండగే. గింజలను కందనకాయలో నూరుకోవడానికి సన్నని గులక ఇసుక, పెట్టలకు పెంకు గట్టిపడటానికి ఆల్చిప్పల పొడి అవసరం. నీళ్ళ పళ్ళెం లోతుగా ఉంటే పిల్లలు మునిగిపోతాయి. అందులో గులకరాళ్ళు వేయండి. గద్ద, పిల్లి, ముంగిసలకు ఈ చిట్టికోడి తేలికగా చిక్కుతుంది. రాత్రి గూటికి గట్టి వల, గడియ తప్పనిసరి.

కొక్కెర తెగులు వస్తే ఊరంతటి కోళ్ళూ పోవచ్చు. పుట్టిన మొదటి వారంలోనే టీకా చుక్కలు వేయించాలి. తరువాతి మోతాదులను పశువైద్యశాలలో అడిగి తెలుసుకోండి. కోళ్ళను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం మరవకండి.

చేసి చూడండి

కోడి లేకపోయినా ఈ ప్రయోగం చేయవచ్చు. రెండు నాణేలను కలిపి 48 సార్లు ఎగరేయండి. రెండూ బొమ్మ పడితే PP, ఒకటి బొమ్మ ఒకటి బొరుసు అయితే Pp, రెండూ బొరుసైతే pp అని రాసుకోండి. PPలను కొట్టివేసి, మిగిలినవాటి నిష్పత్తి కట్టండి. సరిగ్గా 2:1 వచ్చిందా? రాకపోతే ఎందుకు రాలేదు? తరగతిలో అందరి లెక్కలూ కలిపితే ఏమవుతుంది?