చూపు లేని మా అమ్మాయి జడ్జి పరీక్ష రాయవచ్చా?

సమస్య



మాది అనకాపల్లి జిల్లాలో ఒక పల్లెటూరు. నాకు ఒక్కతే అమ్మాయి. ఆరో తరగతిలో ఉండగా రాత్రిళ్లు చూపు ఆనడం లేదంది. విశాఖపట్నం తీసుకెళ్తే రెటినైటిస్ పిగ్మెంటోసా అన్నారు, దీనికి మందు లేదన్నారు. ఇంటర్ అయ్యేసరికి చూపు పూర్తిగా పోయింది. అయినా చదువు మానలేదు. లా చేస్తానంటే చేర్పించాం. నేను పదో తరగతి వరకే చదువుకున్నాను. రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఆ లా పుస్తకాలు పైకి చదివి వినిపించేదాన్ని. సగం మాటలకు నాకు అర్థం తెలియదు. నేను చదువుతుంటే తను ఫోన్‌లో రికార్డు చేసుకునేది. అలాగే ఎల్‌ఎల్‌బీ ఫస్ట్ క్లాసులో పాసయింది. బార్‌లో ఎన్‌రోల్ అయి, ఇప్పుడు ఒక సీనియర్ లాయరు గారి దగ్గర జూనియర్‌గా ఉంది.

జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలని దాని పట్టుదల. మా వారు ససేమిరా అంటున్నారు. "నెలకు 6,000 పింఛన్ వస్తోంది. చూపులేనివాళ్ల (విహెచ్) బ్యాక్‌లాగ్‌లో జూనియర్ అసిస్టెంట్ పోస్టు వస్తే చాలు, నీడపట్టున ఉంటుంది" అంటారు. మా ఆడపడుచు అయితే "సాక్షి మొహం చూడలేనిది, కాగితం చదవలేనిది తీర్పు ఏం చెబుతుంది వదినా?" అని నలుగురిలో అనేసింది. ఆ మధ్య ఒక ఆఫీసులో ఉద్యోగానికి సర్టిఫికెట్లు చూపించడానికి వెళ్తే అక్కడి అధికారి కూడా "ఫైలు ఎలా చూస్తావమ్మా?" అని అడిగి, జవాబు వినకుండానే తర్వాతి వాళ్లను పిలిచారట. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు.

చట్టం ప్రకారం మా అమ్మాయికి అర్హత ఉందా? ఉంటే ఏం సిద్ధం చేసుకోవాలి? లేనిపోని ఆశ పెట్టి దాన్ని చెడగొడుతున్నానా?

- ఒక అమ్మ

సలహా

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. అర్హత ఉంది. చూపు లేదన్న ఒక్క కారణంతో మీ అమ్మాయిని జడ్జి పరీక్షకు దూరంగా పెట్టే అధికారం ఈ దేశంలో ఎవరికీ లేదు.

ఈ మాట సుప్రీంకోర్టే చెప్పింది. మధ్యప్రదేశ్ న్యాయ సర్వీసు నిబంధనల్లో 6ఎ అనే నిబంధన, చూపు లేనివాళ్లు, చూపు మందగించినవాళ్లు జడ్జి ఉద్యోగాలకు పనికిరారని అనేది. ఒక అభ్యర్థి తల్లి దాని గురించి భారత ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరాన్నే కోర్టు పిటిషన్‌గా తీసుకుంది. 2025 మార్చి 3న జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ ధర్మాసనం ఆ నిబంధనను కొట్టివేసింది. వైకల్యం ఉందన్న కారణంగా ఎవరినీ న్యాయ సర్వీసులకు అనర్హులుగా చూడకూడదని, ఎంపికలో చూపులేని అభ్యర్థులకు విడిగా కటాఫ్ ఉండాలని చెప్పింది. మీలాంటి ఒక అమ్మ ఉత్తరంతో వచ్చిన తీర్పు ఇది. మన రాష్ట్రాలకూ వర్తిస్తుంది.

ఎవరైనా మీకు 2019 నాటి తీర్పు ఒకటి చూపించి భయపెట్టవచ్చు. తమిళనాడులో సివిల్ జడ్జి పోస్టుకు వైకల్యం 40 నుంచి 50 శాతం లోపే ఉండాలన్న పరిమితిని అప్పట్లో సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే 2021 ఫిబ్రవరిలో వికాష్ కుమార్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పు ఆలోచనే సరికాదని స్పష్టం చేసింది. వైకల్యం ఉన్న వ్యక్తికి పని చేసుకోవడానికి తగిన సదుపాయం కల్పించాలని, ఆ సదుపాయాల సంగతి చూడకుండా పనికిరారని తేల్చకూడదని చెప్పింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టానికి ప్రాణం ఇదే.

ఇక మీ ఆడపడుచు ప్రశ్న. జడ్జి సాక్షి మొహం చూసి తీర్పు చెప్పరమ్మా. సాక్షి చెప్పిన మాటలు అక్కడే రికార్డవుతాయి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలిచాయా, తడబడ్డాయా, కాగితాలతో సరిపోతున్నాయా అన్నది చూసి నిర్ణయిస్తారు. సంతకం నిజమా కాదా అన్న వివాదం వస్తే కళ్లున్న జడ్జి కూడా సాధారణంగా చేతిరాత నిపుణుడి అభిప్రాయం తెప్పించుకుంటారు. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానంలో జాక్ యాకూబ్ 1998 నుంచి 2013 వరకు న్యాయమూర్తిగా పనిచేశారు. ఆయనకు పసితనంలోనే చూపు పోయింది. మన రాజస్థాన్‌లో బ్రహ్మానంద శర్మ చూపు లేకుండానే సివిల్ జడ్జి అయ్యారు.

పాలనలోనూ ఇంతే. చూపు లేని రాజేష్ సింగ్ 2006 సివిల్స్ రాసి, నియామకం కోసం ఏళ్ల తరబడి పోరాడి ఐఏఎస్ అయ్యారు. 2020లో ఝార్ఖండ్‌లోని బొకారో జిల్లాకు డిప్యూటీ కమిషనర్‌గా వెళ్లారు. అక్కడ జిల్లా కలెక్టర్‌ని అలాగే పిలుస్తారు. ప్రాంజల్ పాటిల్‌కు మొదటిసారి రైల్వే అకౌంట్స్ సర్వీసు వచ్చినా చూపు లేదని తీసుకోలేదు. ఆమె మళ్లీ రాసి, 2017 సివిల్స్‌లో 124వ ర్యాంకు తెచ్చుకుని, 2019లో తిరువనంతపురం సబ్ కలెక్టర్ అయ్యారు. మన ఆంధ్రప్రదేశ్ కేడర్‌లోనే కట్టా సింహాచలం గారు ఉన్నారు. ఆయనకూ చూపు లేదు. ఈ పేర్లు మీ వారికి చదివి వినిపించండి.

ఇప్పుడు చేయాల్సిన పనులు.

సదరం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు రెండింటిలోనూ పేరు, పుట్టిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్‌తో సరిపోతున్నాయో లేదో ఈ వారమే చూడండి. అక్షరం తేడా ఉన్నా సర్టిఫికెట్ల పరిశీలన రోజున తిప్పలు తప్పవు. రిజర్వేషన్‌కు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. చూపు పూర్తిగా పోయింది కాబట్టి మీ అమ్మాయికి అందులో ఇబ్బంది లేదు. చట్టం ఇచ్చిన 4 శాతం రిజర్వేషన్‌లో 1 శాతం అంధులకు, అల్పదృష్టి ఉన్నవారికి కలిపి ఉంది.

నోటిఫికేషన్ చదివేటప్పుడు ఒక మెలిక గమనించాలి. కొన్ని పోస్టులు అల్పదృష్టి వారికి మాత్రమే అని, కొన్ని పూర్తి అంధులకు కూడా అని విడివిడిగా గుర్తిస్తారు. కేంద్రం 2021 జనవరి 4న విడుదల చేసిన జాబితాలో ఏ పోస్టు ఎవరు చేయగలరో ఇలాగే రాసి ఉంది. ఆ జాబితాలో పేరు లేనంత మాత్రాన పోస్టు మూసుకుపోయినట్టు కాదని, అదే రకం పని ఉన్న పోస్టులకూ అది వర్తిస్తుందని అందులోనే చెప్పారు. నోటిఫికేషన్‌లో అంధులను పక్కన పెట్టినట్టు కనిపిస్తే పరీక్షకు ముందే రాతపూర్వకంగా అభ్యంతరం పెట్టండి. ఫలితాలొచ్చాక కదిలితే ఆలస్యమవుతుంది.

జడ్జి పోస్టుకు మరో షరతు ఉంది. 2025 మే 20న సుప్రీంకోర్టు కనీసం 3 ఏళ్ల ప్రాక్టీసు ఉండాలన్న నిబంధనను మళ్లీ తెచ్చింది. మీ అమ్మాయి ఇప్పటికే సీనియర్ దగ్గర ఉండడం మంచిదైంది. ఈ నిబంధన తనకు ఎలా వర్తిస్తుందో నోటిఫికేషన్ వచ్చినప్పుడు సరిచూసుకోమనండి. ఈలోగా ప్లీడింగులు తానే చెప్పి టైపు చేయించడం, క్రాస్ ఎగ్జామినేషన్లు శ్రద్ధగా వినడం అలవాటు చేసుకోవాలి. మీ ఆడపడుచు అడిగిన ప్రశ్నకు రేపు మీ అమ్మాయి ఆ అనుభవంతోనే జవాబు చెబుతుంది.

చదువు విషయంలో మీ గొంతుకు ఇక విశ్రాంతినివ్వండి. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం. కంప్యూటర్‌లో ఉన్నదాన్ని తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ చదువుతుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లను నేరుగా చదవలేదు, వాటిని ముందు ఓసీఆర్ చేసుకోవాలి, అంటే బొమ్మగా ఉన్న పేజీని అక్షరాలుగా మార్చుకోవాలి. సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయంలో మీ అమ్మాయిలాంటివారి కోసమే పుస్తకాలు ఉన్నాయి. చేతిరాత దస్తావేజుల్లాంటివి చదవడానికి మాత్రం పక్కన మనిషి కావాలి. ఉద్యోగంలో అలాంటి రీడర్‌ను ఇవ్వమని అడగడం దయ కోరడం కాదు, హక్కు.

అసలు పరీక్షను స్క్రైబ్‌తో, అంటే తను చెబుతుంటే రాసే మనిషితో రాయవచ్చు. గంటకు కనీసం 20 నిమిషాలు అదనపు సమయం ఇస్తారు. స్క్రైబ్‌ను ఎవరు తేవాలి, ఎంత చదివి ఉండాలి అన్న నియమాలు మారుతూ వచ్చాయి, ప్రతి నోటిఫికేషన్‌లోనూ చూసుకోవాలి. మెయిన్స్‌లో తెలుగు-ఇంగ్లిష్ అనువాదం ఉంటుంది. చెప్పి రాయించేటప్పుడు వాక్యం ఎక్కడ ఆగాలో, ఏ స్పెల్లింగ్ చెప్పాలో అలవాటు లేకపోతే ఎంత తెలిసినా మార్కులు పోతాయి. ఇప్పటి నుంచే వారానికి ఒక పేపరు, లా తెలియని పిల్ల చేత రాయించి సాధన చేయమనండి.

ఆ అధికారి అడిగిన "ఫైలు ఎలా చూస్తావు" అన్న ప్రశ్న ఇంకా చాలాచోట్ల ఎదురవుతుంది. "స్క్రీన్ రీడర్‌తో చదువుతాను, అవసరమైన చోట రీడర్ సాయం తీసుకుంటాను, దివ్యాంగుల హక్కుల చట్టంలో 20వ సెక్షన్ దానికి వీలు కల్పించింది" అని సూటిగా చెప్పడం నేర్పించండి. అయినా వినకుండా పంపిస్తే ప్రతి ప్రభుత్వ కార్యాలయంలో ఉండాల్సిన ఫిర్యాదుల పరిష్కార అధికారికి, ఆపైన దివ్యాంగుల రాష్ట్ర కమిషనర్‌కు కాగితం మీద ఫిర్యాదు పెట్టండి.

మీ వారిది అడ్డుపడే మనసు కాదమ్మా, భయం. తాము లేని రోజున బిడ్డ ఏమవుతుందోనన్న భయం. ఆయన చెప్పిన జూనియర్ అసిస్టెంట్ పరీక్ష కూడా రాయించండి, అది మంచి ఉద్యోగమే. వచ్చినా జడ్జి పరీక్ష మానుకోవాల్సిన పని లేదు. అమ్మాయి ఒంటరిగా రోడ్డు దాటలేదన్న దిగులు ఆయనకు ఉంటే తెల్లకర్రతో నడిచే శిక్షణ ఇప్పించండి. ఒక రోజు ఆయన్నే కోర్టు హాలుకు పంపండి. అమ్మాయి సీనియర్ వెనుక నిలబడి పని చేయడం ఆయన కళ్లారా చూడాలి.

లేనిపోని ఆశ పెట్టానా అని అడిగారు. మీరు పెట్టిన ఆశ చట్టం ఒప్పుకున్నది, ఎందరో నిజం చేసి చూపించినది. పరీక్ష కష్టమైనది. కళ్లున్నవాళ్లు కూడా రెండు మూడుసార్లు తప్పుతారు. మీ అమ్మాయి తప్పినా అది పోటీలో తప్పడమే అవుతుంది, చూపు లేనందుకు కాదు. ఆ తేడా ఇంట్లో అందరికీ తెలియాలి.

ఈ కాలమ్ చదివే లాయర్లకు ఒక విన్నపం. మీ ఊరి కోర్టుకు చూపులేని జూనియర్ వస్తే కుర్చీ చూపించి ఊరుకోకండి, కేసు అప్పగించండి. చివరగా మీకో మాటమ్మా. నోటిఫికేషన్ వెలువడగానే ప్రాక్టీసు షరతు సరిచూసుకుని, వారంలోపే మీ అమ్మాయి చేత దరఖాస్తు చేయించండి.