అరుదైన మేకల నడుమ వనభోజనం: ఆదాయమెంత? జాగ్రత్తలేమిటి?

ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా జిల్లాలో యమునా, చంబల్ నదుల నడుమ లోయలతో, ముళ్లపొదలతో నిండిన చకర్‌నగర్ ప్రాంతం జమునాపారీ మేకలకు పుట్టినిల్లు. తెల్లని దేహం, ఉబ్బెత్తు ముక్కు, వ్రేలాడే పొడవాటి చెవులు, వెనుక తొడలపై గుబురు వెంట్రుకలు ఈ జాతి లక్షణాలు. బ్రిటన్‌లో ఆంగ్లో-నూబియన్ జాతి రూపొందడంలోను, ఇండోనేషియాలో ‘ఎటావా’ పేరుతో ప్రసిద్ధమైన మేకలలోను దీని రక్తం ఉన్నది. అయినను స్వస్థలంలో మేలిమి మేకలు కొద్దిగానే మిగిలాయి. మథుర జిల్లా మఖ్దూంలో 1979లో నెలకొల్పిన కేంద్ర మేకల పరిశోధనా సంస్థ ఈ జాతిపై కృషి చేస్తున్నది.

సందర్శకుల ద్వారా ఆదాయం

కార్తీకంలో తోటలకు వెళ్లి భోజనాలు చేయడం మన పాఠకులకు పరిచితమే. అదేవిధంగా, చంబల్ అభయారణ్యాన్ని చూడవచ్చే పట్టణవాసులకు మేకల మంద చెంత చెట్టునీడలో భోజన వసతి కల్పిస్తే రైతు కుటుంబానికి కొంత అదనపు రాబడి లభించగలదు. అయితే ఎండలు ముదిరినా, వానలు పడినా సందర్శకులు రారు. ఈ రాబడి శీతాకాలానికే పరిమితమని గ్రహించాలి.

రుణ ప్రణాళిక

20 ఆడమేకలు, ఒక విత్తనపు పోతు గల మందకు రుణం తీసుకొన్నట్లు భావిద్దాం. వాయిదా, వడ్డీ కలిపి సాలుకు 60,000 రూపాయలు. పిల్లలు, పాల అమ్మకంపై ఖర్చులు పోను 66,000 రూపాయలు మిగిలితే రుణం సజావుగా తీరుతుంది. 45,000 మాత్రమే మిగిలి, తక్కిన 15,000 సందర్శకులే ఇవ్వవలసి ఉంటే ప్రమాదమే. మందకు గాలికుంటు సోకిన నాడు గేటు మూయక తప్పదు. అప్పుడు వాయిదా కొరకు సంతకు తోలేది మంచి ధర పలికే మేలైన ఆడమేకనే. ఇట్లు ఒక్కొక్క వాయిదాతో ఒక్కొక్క తల్లిమేక పోతే, రుణం తీరినా జాతి మిగలదు. కావున వాయిదా మొత్తాన్ని మంద రాబడిపైనే లెక్కించాలి. మేత, మందుల ఖర్చుకు కిసాన్ క్రెడిట్ కార్డును వినియోగించుకోవచ్చును. 2019లో ఈ సదుపాయం పశుపోషణకు కూడా వర్తింపజేయబడినది.

పాటించవలసిన జాగ్రత్తలు

1. భోజనస్థలం, మేకల దొడ్డి వేర్వేరుగా ఉండాలి. ప్రవేశద్వారం వద్ద సున్నం చల్లి, కాళ్లు కడుగుకొనే ఏర్పాటు చేయాలి.

2. అన్నం, రొట్టెలు, గింజలు మేకలకు పెట్టనీయరాదు. ఇవి ఒక్కసారిగా ఎక్కువైతే కడుపుబ్బరం, చిటుకు రోగం రాగలవు. చేతి మేతగా రైతే ఆకులు ఇవ్వాలి. ప్లాస్టిక్ సంచులను లోనికి రానీయరాదు.

3. పారుడు రోగం (పి.పి.ఆర్.), చిటుకు, గాలికుంటు టీకాలను పశువైద్యుని సలహాపై సకాలంలో వేయించాలి.

4. చూలు మేకలను, పాలు త్రాగే పిల్లలను జనానికి దూరంగా ఉంచాలి. మేక చూలు కాలం సుమారు 150 రోజులు గనుక, ఈనే నెలలను ముందుగా లెక్కించుకొనవచ్చును.

5. పోతును దాని కూతుళ్లతో కలియనీయక, సకాలంలో మరొక మందలోని మేలిమి పోతుతో మార్చుకోవాలి.

వ్యాపారులకు మనవి

చెవులు పొడవైనంత మాత్రాన ప్రతి మేకా జమునాపారీ కాదు. తల్లిదండ్రుల వివరాలు, టీకాల తేదీలు వ్రాసిన పుస్తకం చూసి కొనండి. అట్టి పుస్తకమున్న మేకకు నాలుగు రూపాయలు ఎక్కువ చెల్లిస్తే, మేలిమి జాతిని నిలుపుకొనే రైతుకు అదే నిజమైన ప్రోత్సాహం.