ఇమ్తిహాన్ - పరీక్ష: ఐదవ తరగతి చివర తల్లిదండ్రులకు చెప్పవలసిన మాట

గత సంవత్సరము వేసవిలో ఒక సాయంత్రము మా వీధిలోని దర్జీ ఒకరు, ఐదవ తరగతి చదివిన తన కుమార్తెను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చినారు. చేతిలో రెండు కాగితములు. ఒకటి పాఠశాలవారిచ్చిన ప్రగతి పత్రము. అందులో గణితమునకు నూటికి 78 మార్కులున్నవి. రెండవది నవోదయ ప్రవేశ పరీక్ష హాల్ టికెట్టు. ఎంపికైనవారి జాబితాలో ఆమె నంబరు లేదు.

"సార్, బడిలో పాసయింది, గవర్నమెంటు పరీక్షలో ఫెయిలయింది. రెండింటిలో ఏది నిజం? పెద్ద పరీక్షే నిజమైతే ఇంక చదివించి ఏం లాభం? జరీ పని నేర్పిద్దామని ఇంట్లో అనుకుంటున్నాం" అన్నారాయన. ఆ బాలిక తలుపు చాటున నిలబడి అంతయు వినుచున్నది.

రెండు కాగితములును నిజమే. కాని ఆ రెండును ఒకే ప్రశ్నకు జవాబులు కావు. ఈ చిన్న విషయము తెలియకపోవుట వలన మన బస్తీలలో పిల్లల చదువులు, ముఖ్యముగా ఆడపిల్లల చదువులు, ఐదవ తరగతితో ఆగిపోవుచున్నవి. కనుక విద్యార్థులు తమ యిండ్లలోను ఇరుగుపొరుగునను చెప్పుటకు వీలుగా దీనిని ఇక్కడ వివరించుచున్నాము.

దేశమంతట ఒకే విధమైన ప్రశ్నలు, ఒకే సమయము, ఒకే తీరున మార్కులు వేయు పద్ధతి గల పరీక్షను ప్రామాణిక పరీక్ష అందురు. దర్జీ చేతిలోని టేపు వంటిది అది. టేపు ఏ ఊరిలోనైనను ఒకే కొలత చూపును. అయితే టేపు పొడవును కొలుచునే గాని గుడ్డ గట్టిదనమును కొలువదు. కాబట్టి ఏ పరీక్షను చూచినను, ఇది దేనిని కొలుచుచున్నది అని ముందుగా అడుగవలెను. ప్రాథమిక విద్య ముగియు వేళ మన పిల్లలకు ఎదురగు పరీక్షలు మూడు రకములు.

మొదటిది పాఠశాల జరుపు వార్షిక పరీక్ష. చెప్పిన పాఠము పిల్లకు వచ్చినదా అనునదే దీని ప్రశ్న. నిర్ణీత మార్కులు వచ్చినవారందరును ఉత్తీర్ణులే, వారు పదిమంది కావచ్చును, నూరుమంది కావచ్చును. 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుండి అమలుపరచిన విద్యాహక్కు చట్టము, ఎనిమిదవ తరగతి వరకు ఎవరిని అదే తరగతిలో నిలిపివేయరాదన్నది. 2019లో దానిని సవరించి, ఐదు, ఎనిమిది తరగతుల చివర క్రమబద్ధముగా పరీక్ష జరుపవలెననిరి. అందులో తప్పినవారికి అదనముగా బోధించి, ఫలితము వెలువడిన రెండు నెలలలోగా మరల పరీక్ష పెట్టవలెను. ఆ తరువాతను తప్పినవారిని నిలుపుటయా మానుటయా అన్నది ఆయా ప్రభుత్వముల నిర్ణయమునకు వదలినారు. కాని ఎనిమిదవ తరగతి ముగియువరకు ఏ బిడ్డను బడినుండి తీసివేయరాదన్న నియమము మారలేదు. ఈ ఒక్క మాట ప్రతి తల్లికిని తెలియవలెను.

రెండవది ఎంపిక పరీక్ష. జవాహర్ నవోదయ విద్యాలయములలో ఆరవ తరగతి ప్రవేశమునకు జరుగు పరీక్ష ఇట్టిది. రెండు గంటల కాలము, 80 ప్రశ్నలు, 100 మార్కులు. మేధాశక్తికి 40 ప్రశ్నలు, గణితమునకు 20, భాషకు 20. పాఠశాలలో నేర్పు పరిసరాల విజ్ఞానము ఇందులో లేదు. బొమ్మల వరుసలో తరువాతి బొమ్మ యేది అనునట్టి ప్రశ్నలే సగము. అట్టివి మన బడులలో సాధారణముగా అభ్యాసము చేయించరు. ఇక సీట్లు ఒక్కొక్క విద్యాలయములో గరిష్ఠముగా 80. వానిలో నూటికి 75 వంతులకు తక్కువ కాకుండ గ్రామీణ విద్యార్థులకు కేటాయింపబడినవి. అనగా పట్టణపు పిల్లలకు దక్కగలవి 20కి మించవు. ఇట్టి పరీక్షలో తప్పుట అను మాటకు అర్థము లేదు. సీట్లు నిండినవి, అంతియే. మా వీధి బాలిక ఫెయిలు కాలేదు. ఆమెకు సీటు దొరకలేదు.

ఇందలి మార్కులను చదువు తీరును తెలిసికొనదగినది. ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులుండును. తప్పు జవాబునకు మార్కులు కోయరు. ప్రశ్న చదువకుండ గుడ్డిగా గుర్తులు పెట్టిన పిల్లవానికిని సగటున 20 జవాబులు ఒప్పగును. ఒక్కొక్కటికి 1.25 చొప్పున 25 మార్కులు వచ్చును. కాబట్టి 25 వచ్చినచో పాతిక వంతు చదువు వచ్చినదని అర్థము కాదు. అట్లే, తెలియని ప్రశ్నను ఖాళీగా వదలుట వలన లాభము లేదు. ఈ పరీక్ష ఒక్కసారి మాత్రమే వ్రాయవచ్చును గనుక ఈ సంగతులు ముందుగానే తెలియవలెను.

మూడవది సర్వే పరీక్ష. 2021 నవంబరు 12న జరిగిన జాతీయ సాధన సర్వే 3, 5, 8, 10 తరగతులలో జరిగినది. 2024 డిసెంబరు 4న జరిగినది 3, 6, 9 తరగతులవారికి. ఎంచుకొన్న కొన్ని బడులలో కొందరు పిల్లల చేత మాత్రమే దీనిని వ్రాయింతురు. ఫలితము జిల్లాకు, రాష్ట్రమునకు వచ్చును; పిల్లకు విడిగా మార్కుల పత్రము రాదు. ఇది బిడ్డను గాక బోధనను తూచు త్రాసు. దీనికి భయపడి ఆ రోజు పిల్లను బడి మాన్పించుట అనవసరము.

ఉర్దూ మాట్లాడు ఇండ్లకు మరియొక మాట. నవోదయ పరీక్షను ఏ భాషలో వ్రాయవలెనో దరఖాస్తులోనే తెలుపవలెను. ఇంటి భాష ఉర్దూ, బడి భాష తెలుగు అయిన పిల్లకు ఏ భాషలో వేగముగా చదువ వచ్చునో చూచి వ్రాయవలెను గాని, అభిమానము కొద్దీ వ్రాయరాదు. తొందరలో నింపిన ఒక్క గడి వలన బిడ్డ రెండు గంటలును ప్రశ్న అర్థము గాక గడుపవచ్చును.

మార్కులు చేతికి వచ్చినప్పుడు తల్లిదండ్రులు ఉపాధ్యాయుని మూడు ప్రశ్నలు అడిగిన చాలును. ఈ పరీక్ష దేనికొరకు పెట్టినారు? మా బిడ్డ ఏ అంశములో వెనుకబడినది? దానికి మేము ఇంటిలో ఏమి చేయగలము? "మిగతావారికి ఎంత వచ్చినవి" అన్నది నాలుగవ ప్రశ్న. దానిని పిల్ల యెదుట అడుగకుండుట మేలు.

ఆ సాయంత్రము టేపు ఉదాహరణము చెప్పగానే దర్జీగారు నవ్వినారు. "అంటే నా కూతురు పొట్టి కాదు, గుడ్డ చాలలేదు అంతే కదా సార్" అన్నారు. అంత చక్కగా మేము చెప్పలేకపోయి యుందుము. జూన్ నెలలో ఆ బాలిక సమీపమున గల ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఆరవ తరగతిలో చేరినది.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో అనేకులు మీ యింటిలో కళాశాల మెట్లెక్కిన మొదటివారు. దరఖాస్తు నింపుట, ఫలితము చదువుట మీకు తెలిసిన పనులు. ప్రవేశ ప్రకటనలు వచ్చు దినములలోను, ఫలితములు వచ్చు దినములలోను మన కళాశాలలో ఒక్కొక్క ఆదివారము ఒక బల్ల, నాలుగు కుర్చీలు వేసి, వచ్చిన తల్లిదండ్రులకు రెండు భాషలలోను ఈ విషయములు చెప్పుటకు అనుమతింపవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను కోరుచున్నాము. దానికి ఖర్చు లేదు.

ఉర్దూలో పరీక్షను ఇమ్తిహాన్ అందురు. మెహనత్ అను మాటయు అదే ధాతువు నుండి పుట్టినది. సంస్కృతము నుండి వచ్చిన పరీక్ష అను మాటకు అన్ని వైపుల నుండి చూచుట అని అర్థము. మెహనత్ బిడ్డ చేసినది. అన్ని వైపుల నుండి చూచుట పెద్దలమైన మన వంతు.